వాకిటి కావలి యిల్లు

మన పట్టణములలో "లాడ్జి" యను మాట విననివారుండరు. రైలు స్టేషను దాపునను, బస్సులు నిలుచు చోటులందును, బాటసారులు అద్దె యిచ్చి రాత్రి శయనించు ఇంటికి మనవారు ఆ పేరు పెట్టియున్నారు. "ఎస్టేటు" అను మాటయు మనకు కొత్తది కాదు. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి ప్రభువుల కాలమున మన తాతముత్తాతలు శిస్తు కట్టిన భూములకు ఎస్టేటులని పేరుండెను. కావున ఇంగ్లీషు కథలలో "ఎస్టేటు లాడ్జి" యని చదివినప్పుడు మన విద్యార్థులు దానిని జమీందారుగారి సత్రమని తలంచుట వింత గాదు. ఆ దేశమున ఆ మాటకు వేరర్థము గలదు. ఆ అర్థమును, ఆ కట్టడపు తీరును, దానివలన మనము నేర్వదగిన దానిని ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఇంగ్లండులో ఎస్టేటనగా ఒక ధనికుని భవనము, దాని చుట్టునున్న తోటలు, పచ్చికబయళ్లు, కౌలుదారుల పొలములు కలిసిన పెద్ద భూమి. భవనము బాటకు దూరముగ చెట్లమరుగున నుండును. బాటవెంట పోవువానికి కనబడునది పొడవైన ప్రహరిగోడ, ఇనుప తలుపు, ఆ తలుపు ప్రక్క నొక చిన్న యిల్లు. ఆ చిన్న యింటికే లాడ్జి యని పేరు. పూర్వకాలమున అందు కావలివాడు భార్యాబిడ్డలతో కాపురముండి, బండి వచ్చినప్పుడు తలుపు తీయుచు, పోయిన పిమ్మట మూయుచు నుండెను. కనుక మన భాషలో దానిని వాకిటి కావలి యిల్లందుము.

ఈ చిన్న యింటికి రెండు బరువులుండెను. యజమాని గొప్పను బాటకు చూపుట మొదటిది. ఒక కుటుంబమును ఎండవానలనుండి కాపాడుట రెండవది. ఈ రెండింటికి పొత్తు కుదిరిన చోట చక్కని యిల్లు వెలసెను. కుదరని చోట బయటికి సొగసు, లోపలికి ఇరుకు మిగిలెను. ఈ సంగతిని మనసున నుంచుకొని చూచినచో ఆ కట్టడములోని ప్రతి భాగమును మనకు సులువుగ బోధపడును.

మొదట దాని పుట్టుక. మధ్యయుగమున ప్రభువులు కోటలలో నివసించిరి. కోటకు ద్వారమే ప్రాణస్థానము గనుక దానికి ఇరుప్రక్కల బురుజులు కట్టి, పైన గదులు వేసి, అందు సాయుధులైన భటులను నిలిపిరి. అంతర్యుద్ధములు తగ్గి, దేశమున నెమ్మది కలిగిన కొలది కోటలకు మారుగా పెద్ద కిటికీల భవనములు వచ్చెను. యుద్ధభీతి పోయినను వాకిలి మిగిలెను. బురుజులతో పనిలేదు గాని తలుపు తీయుట కొకడు వలయును గదా. అందుచేత వెనుకటి కోటవాకిలి కుంచించుకొని కావలివాని చిన్న యిల్లయినది.

పదునెనిమిదవ శతాబ్దమున ఈ యిండ్లను తరచు జంటగా కట్టిరి. తలుపునకు కుడివైపున నొకటి, ఎడమవైపున నొకటి, రెండును ఒకే యెత్తు, ఒకే ఆకారము. గ్రీకు, రోమను దేవాలయముల స్తంభములవంటి స్తంభములు వాటి ముంగిట నిలిచెను. దూరమునుండి చూచువారి కంటికి ఆ సమానత్వము ఇంపుగ నుండెను. కాని కుటుంబము ఒక్కటే. కొన్నిచోట్ల ఒక యింట వంటయు, రెండవ యింట పడకయు పెట్టుకొనవలసి వచ్చెను. వాన కురియు రాత్రి పసిబిడ్డను గొంగళిలో చుట్టుకొని బండిబాట దాటిపోవు తల్లిని ఊహింపుడు. కాగితముమీద బొమ్మ గీసినవానికి రెండువైపులు సరితూగుటయే కావలసెను. అందు బ్రదుకువారి నడకను అతడు లెక్కింపలేదు.

విక్టోరియా రాణి 1837వ సంవత్సరమున సింహాసన మెక్కి 1901 వరకు పాలించెను. ఆ కాలమున వాకిటి యిండ్లు మునుపెన్నడును లేనంతగా పెరిగెను. దీనికి కారణములు గలవు. యంత్రశాలలవలనను, గనులవలనను, వర్తకమువలనను కొత్తగా ధనము గడించినవారు పల్లెలలో భూములు కొని భవనములు కట్టుకొనిరి. పాత ప్రభువులతో సరితూగవలెనని వారి కోరిక. బాటనుండి భవనము కనబడదు గనుక, ఆ కోరిక తీర్చు భారము వాకిటి యింటిమీద పడెను. ఇక సామగ్రి సంగతి. గాజుమీది సుంకము 1845లోను, ఇటుకలమీది సుంకము 1850లోను, కిటికీలమీది పన్ను 1851లోను రద్దయ్యెను. రైళ్లు వచ్చుటచే ఉత్తర వేల్సు కొండలలో త్రవ్విన పలకరాయి ఇంగ్లండు నలుమూలలకు చౌకగా చేరెను. మన చిన్నతరగతుల పిల్లలు బలపముతో అక్షరములు దిద్దుటకు వాడిన పలక ఏ జాతి రాయియో, ఆ ఇండ్లమీది కప్పును ఆ జాతి రాయియే.

మరియొక కారణము పుస్తకములు. ఇండ్ల నమూనాలను బొమ్మలతో అచ్చువేసిన గ్రంథములు ఆ దినములలో విస్తారముగ అమ్ముడుపోయెను. జాన్ క్లాడియస్ లౌడన్ అను తోటల శాస్త్రజ్ఞుడు 1833లో ప్రకటించిన గృహనిర్మాణ విజ్ఞానసర్వస్వము వాటిలో పేరెన్నికగన్నది. గ్రామమున నుండు మేస్త్రీయును ఆ బొమ్మలు చూచి, యజమాని కోరిన తీరున ఇల్లు కట్టగలిగెను. ఒకచోట గోథిక్ పద్ధతి, ఒకచోట ట్యూడరు రాజుల నాటి పద్ధతి, ఇంకొకచోట ఇటలీ పద్ధతి, మరియొకచోట స్విట్జర్లండు కొండయిండ్ల పద్ధతి కనబడుటకు ఇదియే హేతువు.

ఇప్పుడు విక్టోరియా కాలపు వాకిటి యిల్లొకటి మన యెదుట నున్నట్లు భావించి, పైనుండి క్రిందికి చూతము.

కప్పు మిక్కిలి వాలుగ నుండును. ఆ దేశమున మంచు కురియును, సన్నని వాన దినములకొలది పడును. నీరును మంచును నిలువక జారిపోవుటకు ఆ వాలు అవసరము. రెండు వాలులు కలిసి ముక్కోణముగ కనబడు ముఖమున, వాసముల చివరలను కప్పుచు చెక్కడపు బల్లలు బిగింతురు. వాసముల కొనలకు వాన తగులకుండుట వాటి పని. అల్లికపనివలె తొలిచిన ఆకులును, వంపులును కంటికి పండుగ.

కప్పునుండి పొగగొట్టములు పొడవుగ లేచును. చలిదేశమున ప్రతి యింటను గోడలో నిప్పుగూడు తప్పదు. పొగ వెలికి పోవుటకు గొట్టము కొంత యెత్తుండిన చాలును. కాని ట్యూడరు పద్ధతి ననుసరించిన చోట ఇటుకలను మెలికలు త్రిప్పి, రెండు మూడు గొట్టములను గుత్తిగా చేర్చి, ఇల్లెంత యెత్తో గొట్టములును రమారమి అంత యెత్తు కట్టిరి. చెట్లపైనుండి ముందుగ అవి కనబడి, "ఇచట గొప్పవారి వాకిలి యున్నది" అని చాటవలెనని దాని యుద్దేశము.

బాటవైపు గోడనుండి ఒక కిటికీ ముందునకు పొడుచుకొని వచ్చియుండును. దానికి మూడువైపుల అద్దములుండుటచే లోపల కూర్చున్నవారు తలుపును, బాట రెండు కొనలను లేవకయే చూడగలరు. బండి వచ్చుట దూరమునుండియే తెలియును. ఈ కిటికీ మాత్రము అందమును, పనియు రెండును కూడిన భాగమని చెప్పవచ్చును. కొన్నియిండ్ల కిటికీలకు చిన్నచిన్న అద్దపు బిళ్లలను సీసపు పట్టీలతో వంకరచదరములుగ కూర్చిరి. పెద్ద అద్దములు అప్పటికే దొరకుచుండెను. అయినను పాతకాలపు తీరు కనబడవలెనని చిన్న బిళ్లలనే వాడిరి. దానివలన లోపలికి వెలుగు తగ్గెను.

వాకిలి ముందు ఒకరిద్దరు నిలువదగిన చిన్న పంచ యుండును. కావలివాడు వానలో తడియక తలుపుకొరకు కనిపెట్టుకొని యుండుట కది తగినది. దాని పైగోడమీద యజమాని వంశచిహ్నమో, పేరులోని మొదటి అక్షరముల ముడియో, కట్టిన సంవత్సరమో రాతిలో చెక్కింతురు. కావలివాని పేరు ఎచ్చటను కానరాదు.

ఇక లోపలికి పోదము. సాధారణముగ రెండు మూడు గదులు. ఒకటి వంటకును కూర్చుండుటకును, ఒకటి రెండు పడకకు. పలువుర బిడ్డలుగల సంసారమునకు ఆ చోటు చాలునది కాదు. చూచుటకు సొగసుగ నుండునని కొన్ని యిండ్లను ఎనిమిది మూలలతో కట్టిరి. అట్టి గదిలో మంచము గోడకు ఆనదు, పెట్టె మూలకు ఒదుగదు. వాలు కప్పు క్రింది మేడగదిలో నడిమి దూలము క్రింద తప్ప పెద్దవారు నిటారుగ నిలువలేరు. కొన్ని యిండ్లలో వంటగదిని వెనుకకు త్రోసి, బట్టలారవేయు తీగ బాటకు కనబడకుండ చెట్లు నాటిరి. కుటుంబ జీవనపు గురుతులు యజమాని అతిథుల కంటబడరాదని దాని భావము.

తలుపు తీయు పనిని తరచు ఇల్లాలే చేసెను. మగడు పగలు తోటలోనో అడవిలోనో ఎస్టేటు పనికి పోవుచుండెను. ఆమె వంట చేయుచున్నను, బిడ్డకు పాలిచ్చుచున్నను, గంట మ్రోగినంతనే పరుగిడవలెను. రాత్రి విందులనుండి బండ్లు తిరిగి వచ్చువరకు దీపము ఆర్పరాదు. ఇల్లు ఉద్యోగముతో ముడిపడి యుండుటచే పని పోయినచో ఇల్లును పోవును. చెక్కడపు బల్లలను మెచ్చుకొనునప్పుడు ఈ సంగతియు మనము తలపవలెను.

ఈ లోపమును ఆ కాలపువారే కొందరు గుర్తించిరి. పైన పేర్కొన్న లౌడన్ తన గ్రంథపు ముఖ్యోద్దేశము సామాన్య జనుల నివాసములను బాగుపరచుటయే యని మొదటనే తెలిపెను. అంతకు పూర్వమే, 1811లో, బ్రిస్టలు నగరమునకు సమీపమున బ్లెయిజ్ అను ఎస్టేటు యజమానియైన ఒక బ్యాంకరు, పనినుండి విరమించిన తన ముసలి సేవకులకొరకు తొమ్మిది చిన్న యిండ్లను ఒక పచ్చికబయలు చుట్టును కట్టించెను. వాటిని గీసినవాడు రాజభవనములు గీసిన జాన్ న్యాష్. ఏ రెండిండ్లును ఒకే పోలిక నుండవు. ఆ పల్లె నేటికిని నిలిచియున్నది.

ఇంతకంటె గొప్ప దృష్టాంతము 1851లో లండను నగరమున హైడు పార్కునందు కానవచ్చెను. అది ప్రపంచ వస్తుప్రదర్శనము జరిగిన సంవత్సరము. స్ఫటిక భవనమని పేరొందిన ఆ గాజుమందిరమును చూడవచ్చినవారికి, సమీపముననే రాణి భర్తయగు ఆల్బర్టు ప్రభువు ఆదరణతో కట్టిన ఒక సామాన్యపు రెండంతస్తుల యిల్లు కనబడెను. దాని శిల్పి హెన్రీ రాబర్ట్స్. అందు నాలుగు కార్మిక కుటుంబములకు చోటు గలదు. ప్రతి కుటుంబమునకు కూర్చుండు గది, తలిదండ్రులకొక పడకగది, కుమారులకొకటి, కుమార్తెలకొకటి, పాత్రలు కడుగు చోటు, మరుగుదొడ్డి ఏర్పరచిరి. గోడలను లోపల బోలుగనున్న ఇటుకలతో కట్టుటచే చెమ్మ లోనికి దిగదు, ఇల్లు వెచ్చగ నుండును. మేడమెట్లు నడుమ తెరపిగ నుండుటచే గాలి యాడును.

ప్రదర్శనము ముగిసిన తరువాత ఆ ఇంటిని విప్పి, కెన్నింగ్టన్ అనుచోట కొత్తగా ఏర్పడిన ఉద్యానమున మరల కట్టిరి. అచట అది ఉద్యానపు కావలివారికి నివాసమయ్యెను. అనగా శ్రామికుని సుఖముకొరకు గీసిన ఇల్లే కావలి యిల్లుగ మారినదన్నమాట. ఆ యిల్లు నేటికిని ఉన్నది. అందు మెలికల పొగగొట్టముల ఆర్భాటము లేదు. కాని అందున్నవారికి వెలుగు, గాలి, మరుగు లభించెను. బయటినుండి లోపలికి గీయుట యొక పద్ధతి, లోపలినుండి బయటికి గీయుట యింకొక పద్ధతి. రాబర్ట్స్ రెండవ పద్ధతి నవలంబించెను.

హైడు పార్కును విడుచుటకు ముందు మన ప్రాంతమునకు సంబంధించిన సంగతి యొకటి చెప్పవలెను. ఆ పార్కులో బాటసారులకొరకు ఒక రాతి ఫౌంటెనును 1867లో విజయనగరము మహారాజగు శ్రీ విజయరామ గజపతిరాజుగారు కానుకగ నిచ్చిరి. వేసవిలో బాటప్రక్క చలివేంద్రము పెట్టించుట మన దేశపు దాతలకు పరిపాటి గదా. ఆ ధర్మము సముద్రము దాటిపోయి లండను నగరమున దాదాపు నూరేండ్లు నిలిచెను. 1964లో ఆ కట్టడమును తొలగించిరి. అది యుండిన తావును తెలుపు ఫలకము అచట గలదు.

ఆ మహారాజుగారి విజయనగరమునకే మనము వత్తము. ఇచట ఇంగ్లీషు తీరు వాకిటి యిల్లు గాక కోటవాకిలియే ప్రధానము. కోటను 1713లో, విజయ నామ సంవత్సరమున, నిర్మింప మొదలిడిరి. చతురస్రాకారము, నాలుగు మూలల బురుజులు, సుమారు 33 అడుగుల యెత్తు రాతిగోడలు. తూర్పున నున్న ముఖ్యద్వారమునకు నగరుఖానా యని పేరు. దానిపై నగారాలు మ్రోగించి గొప్పవారి రాకను పురజనులకు చాటుచుండిరి. పడమటి ద్వారము దానికంటె చిన్నది. దానిపై కావలి గోపురము గలదు. ఆ దారిని రాజవంశీయుల సమాధులకు పోవుదురు. ద్వారములపై రాజస్థాన శిల్పపద్ధతి కనబడును.

ఇంగ్లండులో పొగగొట్టములును, వంశచిహ్నమును చేసిన పనిని ఇచట నగారా చేసెనన్నమాట. అచట గొప్ప కంటికి చూపబడెను, ఇచట చెవికి వినిపింపబడెను. రెండుచోట్లను వాకిలి యజమాని నోరుగ పలికెను.

విక్టోరియా యుగపు ఛాయలు ఈ నగరమున లేకపోలేదు. కోటలోని దర్బారు మందిరమగు మోతీమహలు 1869లో విజయరామ గజపతిగారి కాలమున వెలసెను. నగరము నడుమ నెనిమిది మూలలతో, 68 అడుగుల యెత్తున నిలిచిన గంటస్తంభము 1885 నాటిది. గడియారము చూచి పని చేయు కాలము మన వీథులలోనికి వచ్చినదని ఆ స్తంభము తెలుపుచున్నది. ఎనిమిది మూలల ఆకారము గడియారమునకు చక్కగ తగియున్నది, ఏలయన అందెవ్వరును మంచము వేసికొననక్కరలేదు. ఒకే ఆకారము ఒకచోట గుణమును, వేరొకచోట దోషమును అగుట ఇందువలన గ్రహింపవచ్చును.

వాతావరణము ఇంటి రూపమును నిర్ణయించుటకు మన తీరమే సాక్షి. శ్రీకాకుళము, విజయనగరము సముద్రతీర గ్రామములలో మనవారు కట్టుకొనిన చుట్టిల్లు చూడుడు. మట్టిగోడ గుండ్రముగ నుండును, తాటాకు కప్పు నేలకు దగ్గరగ వంగియుండును. తుపాను గాలికి ఎదురునిలుచు చదునుగోడ లేదు గనుక గాలి చుట్టును జారిపోవును. ఊరిలోని కలవారు దూలములమీద ఇటుకలను పేర్చి, సున్నపు గచ్చు వేసి మిద్దెలు కట్టిరి. మిషను బంగళాలమీదను, పాఠశాలలమీదను కనబడు ఎర్రని మంగళూరు పెంకులు మరియొక తీరు. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరున పెంకుల కర్మాగారము స్థాపించిన తరువాత అవి దేశమంతట వ్యాపించెను. వాలు కప్పు అచట మంచుకొరకు, ఇచట వర్షాకాలపు జడివానకొరకు. అచట ఎండను లోపలికి పిలుచుటకు కిటికీ ముందునకు వచ్చెను, ఇచట ఎండను దూరముగ నుంచుటకు వరండా ముందునకు వచ్చెను.

మన వాకిళ్లకు ఇంకొక విశేషము గలదు. అది అరుగు. పల్లెటూరి పెంకుటింటి ముందైనను, గొప్పవారి మండువాలోగిలి ముందైనను వీథివైపు అరుగుండెను. దారిని పోవువాడు తలుపు తట్టక, పేరు చెప్పక, దానిపై కూర్చుండి సేదదీరెను. ఇంగ్లండు వాకిటి యిల్లు బాటసారిని చూచుటకు కట్టినది, మన అరుగు బాటసారిని కూర్చుండబెట్టుటకు కట్టినది. అయితే అరుగుమీద రాత్రి కావలి పరుండినవానికి అది యిల్లు గాదు. వాని భార్యాబిడ్డలు వేరొకచోట నుండిరి. ఇంగ్లీషువాని కావలి యిల్లు ఇరుకైనను సంసారమునకొక పొయ్యియు, ఒక కప్పును ఇచ్చెను. ఒక్కొక్క పద్ధతియందు ఒక్కొక్క మేలు గలదని న్యాయముగ ఒప్పుకొనవలెను.

కాలము రెండు దేశముల వాకిళ్లను మార్చెను. ఇంగ్లండులో మోటారుబండ్లు వచ్చి, 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున పనివారు తగ్గి, వారసత్వపు పన్నులు పెరిగి, అనేక ఎస్టేటులు ముక్కలయ్యెను. పెక్కు కావలి యిండ్లు సామాన్య గృహస్థులకు అమ్మబడెను. కొన్నవారు ముఖమును అట్లే యుంచి, వెనుకవైపున వంటగది, స్నానపుగది చేర్చుకొనిరి. మన దేశమున 1802 నుండి మద్రాసు రాజధానిలో నెలకొన్న శాశ్వత పైసలా పద్ధతి, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో అంతరించెను. విజయనగరము సంస్థానమువారి కుటుంబమునుండి శ్రీ పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ తండ్రిగారి పేర 1958లో మాన్సాస్ అను విద్యాసంస్థను స్థాపించిరి. కోటలో ఇప్పుడు కళాశాలలు గలవు. కొరుకొండ రాజభవనమున 1962 నుండి సైనిక పాఠశాల నడచుచున్నది. నగారా మ్రోగినప్పుడు మాత్రమే గొప్పవారు ప్రవేశించిన ద్వారముగుండ నేడు రైతుబిడ్డలును, కూలివారి బిడ్డలును పుస్తకముల సంచులతో పోవుచున్నారు. రాయి మారలేదు, పని మారినది. ద్వారమునకు ఇంతకంటె గౌరవము వేరొకటి లేదని మా అభిప్రాయము.

వాకిటి కావలి యిల్లు మాత్రము లోకమునుండి పోలేదు. విశాఖపట్టణమున, హైదరాబాదున ఎన్నో అంతస్తుల అపార్టుమెంటులు లేచుచున్నవి. ప్రతిదానికిని ఒక గేటు, ఆ గేటుకొక వాచ్‌మెన్, వానికొక గది గలదు. ఆ గది తరచు మెట్లక్రిందనో, బండ్లు నిలుపు చోటనో, నీటితొట్టి ప్రక్కనో యుండును. మన జిల్లాలనుండి పనికై వలసపోయిన కుటుంబములలో కొన్ని అట్టి గదులలోనే కాపురము చేయుచున్నవి. మన పాఠశాల విద్యార్థుల బంధువులలోను అట్టివారుండవచ్చును. అది సిగ్గుపడవలసిన సంగతి గాదు. పదిమంది నిద్రకు కాపలా కాయుట గౌరవమైన పని. ముఖద్వారమున పాలరాయి పరచి, ఆ గదికి కిటికీ పెట్టనివారే సిగ్గుపడవలెను. విక్టోరియా కాలపు యజమాని చేసిన తప్పు ఇదియే. కాకున్న అతడు ఆ కుటుంబమునకు ఇచ్చిన చిన్న తోటపాటి చోటైనను నేటి నగరమున లేదు.

కావున విద్యార్థులారా, మీ కొక పని చెప్పుచున్నాము. సెలవులలో మీరు చూచు ఏ కట్టడమునైనను రెండు బొమ్మలుగ గీయుడు. మొదటి బొమ్మలో వీథినుండి కనబడు ముఖమును గీయుడు. రెండవ బొమ్మలో కప్పు తీసి పైనుండి చూచినట్లు గదుల అమరికను గీయుడు. అడుగులతో కొలిచి పొడవు వెడల్పులు వ్రాయుడు. తరువాత ఈ ప్రశ్నలు వేసికొనుడు. వెలుగు ఎటునుండి వచ్చును? గాలి ఒకవైపున వచ్చి మరియొకవైపున పోవునా? పొయ్యి పొగ ఎటు పోవును? నీరు తెచ్చుకొనుటకు ఎన్ని అడుగులు నడువవలెను? ఆడువారికి మరుగైన స్నానపుచోటు గలదా? పరీక్షకు చదువుకొను పిల్లవానికి దీపము పెట్టుకొన ఒక మూల దొరకునా? ముఖము ఎంత చక్కనిదైనను, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని యిల్లు మంచి యిల్లు కాజాలదు.

మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు మేస్త్రీలగుదురు, కొందరు ధనము గడించి ఇండ్లు కట్టింతురు. తలిదండ్రులలోను ఇప్పుడు ఇల్లు కట్టించువారుందురు. నమూనా కాగితము మీ చేతికి వచ్చిన దినమున మొదట పెద్ద గదిని గాక, గేటు ప్రక్క గీసిన చిన్న గదిని చూడుడు. అందొక కిటికీ లేనిచో కలముతో గీసి చేర్పుడు. దానికి పట్టు ఇటుకలు తగ్గునే గాని పెరుగవు.